నల్లోడి మూల

తవిటమ్మ అలికిన నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకుని తినొచ్చని గెడ్డవలసలో అనేవారు. అది ఊరికే పొగడ్త కాదు. చీపురుపల్లికి అవతల ముప్పై గడపలున్న ఆ ఊళ్ళో పెళ్ళి కుదిరిందంటే సన్నాయి వాళ్ళకన్నా ముందు కబురు వెళ్ళేది తవిటమ్మకే. ఎర్రమట్టి జల్లించి, పేడ కలిపి, పాత గుడ్డ చేత్తో పట్టుకుని, కుడి చేతిని వంపుగా తిప్పుకుంటూ వెనక్కి వెనక్కి జరిగేది. ఆరాక చూస్తే వంపు పక్కన వంపు, గది నిండా ఒకే కొలత. వేలి గుర్తు ఒక్కటి కనిపిస్తే నన్నడగండి.

ఆమెకి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ముందు పుట్టిన ముగ్గురూ పోయారని, నాలుగో పిల్లని చేటలో పడుకోబెట్టి, చేటెడు తవుడికి పొరుగావిడకి అమ్మేసి, మళ్ళీ అదే తవుడిచ్చి కొనుక్కున్నారు. అంత చవగ్గా వచ్చిన పిల్ల మీద ఏ దిష్టీ పడదని నమ్మకం. పిల్ల బతికింది. పెరిగి పెళ్ళై తను ఇద్దర్ని కన్నప్పుడు మాత్రం, "నా పిల్లలు తవుడికి తేరగా వచ్చినోళ్ళు కాదు" అని మొండికేసింది. ఇద్దరూ నెల తిరక్కుండా పోయారు. రెండో బిడ్డ పోయిన పదిహేనో రోజున జగ్గమ్మ గారి గడ్డివాములో కుక్క ఈనితే, తవిటమ్మ చేటెడు తవుడు పట్టుకెళ్ళి జగ్గమ్మ ముందు పెట్టి, నల్ల పిల్లని ఒళ్ళో వేసుకుని వచ్చింది. ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ, ఈసారి పొరపాటు చెయ్యనంది. దానికి నల్లోడని పేరు పెట్టింది. అందరూ 'అది' అనేవారు. ఆమె 'వాడు' అనేది.

మట్టి నేల మీద కుక్కని పెంచడం పెద్ద విద్యేమీ కాదు. పిల్ల నేల తడిపితే తడిసిన మేర గోకి పారేసి, కొత్త మట్టి అద్ది, ఒక్క అలుకు అలికితే ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

అరవై ఏడులో మొగుడు అప్పలసూరికి గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని దొరికింది. పనితో పాటు క్వార్టరు. రెండు గదులు, వంటకో మూల, ముందు చిన్న వసారా, కింద నున్నటి సిమెంటు గచ్చు. మామ కూర్మయ్యనీ, నల్లోడినీ, నులక మంచాన్నీ ఎడ్లబండి మీద వేసుకుని దిగారు. కూర్మయ్య అంటే ఊళ్ళో తగువులు తీర్చిన మనిషి. ఆయన గొంతు సవరించుకుంటే మాట్లాడేవాళ్ళు ఆగిపోయేవారు. పెళ్ళాం పోయాక ఆ గొంతు తగ్గింది గానీ, ఉతికిన పంచె, నిటారు నడుము తగ్గలేదు.

"ఇంక అలుకుడు లేదే నీకు. గుడ్డెట్టి తుడిసీసుకోడమే" అన్నాడు అప్పలసూరి గచ్చు మీద అరికాలు రాస్తూ. సంతోషపెడదామనే అన్నాడు పాపం. తవిటమ్మకి కుడి చెయ్యి ఎవరో తీసేసుకున్నట్టయింది.

మొదటి శుక్రవారం ఆగలేక అలికేసింది. సిమెంటు మీద, పేడతో. అది ఆరి అప్పడాల్లా లేచింది. గచ్చంతా పచ్చటి మరకలు. సరిగ్గా ఆ రోజే క్వార్టర్లు చూసే గుమాస్తా గణపతిరావు వచ్చాడు. నెలకోసారి ఇళ్ళు తనిఖీ చెయ్యడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయనకి చాలా ఇష్టం కూడా.

"ఇది ఇల్లా, పశువుల సాలా?" అన్నాడు గుమ్మంలోనే ముక్కు మూసుకుని. "సిమెంటు మీద పేడ పూసినవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు."

పక్కింటి లక్ష్మీనరసమ్మ కిటికీలోంచి కిసుక్కుమంది. తవిటమ్మ తల వంచుకుని మూడు రోజులు గోకింది.

అసలు కష్టం మరుసటి ఏడు దీపావళి వెళ్ళాక మొదలైంది. ముందు గదిలో తూర్పు మూల కూర్మయ్య నులక మంచం. దాని కింద నల్లోడి పడక. పొద్దున్న చూసేసరికి మంచం కింద గచ్చు తడిసి ఉంది. తుడిచింది. రెండో రోజూ, నాలుగో రోజూ అంతే. తుడిస్తే తడి పోయేది, వాసన పోయేది కాదు. మధ్యాహ్నం రేకుల కప్పు వేడెక్కేసరికి గచ్చులోంచి అది పైకి లేచేది, కళ్ళు మండేలా. నల్లోడి ఒళ్ళు కూడా అదే కంపు. ఇంక వేరే సాక్ష్యం ఏం కావాలి?

"ముసలిదైపోనాది. ఆపుకోలేకపోతన్నాది" అన్నాడు అప్పలసూరి.

బయట వసారాలో కట్టేసి చూసింది. వాడు రాత్రంతా తలుపు గోకి ఏడిస్తే, డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న వాళ్ళంతా లేచి తిట్టారు; ఇంట్లోనూ ఆ రాత్రి ఎవరికీ కునుకు లేదు. మళ్ళీ లోపలికే తెచ్చుకుంది. మొగుడు షిఫ్టుల మనిషి, మామ నోరు విప్పడు. ఆ రోజుల్లో కూర్మయ్య తెల్లవారకముందే లేచి, కుళాయి దగ్గర తన పంచె తానే ఉతుక్కునేవాడు. కోడలి అవస్థ చూసి జాలిపడ్డాడనుకుంది.

బూడిద చల్లింది. వేపాకు మరిగించి పోసింది. మట్టికైతే గోకి పారెయ్యడానికి పై పొర ఉంటుంది, సిమెంటుకి ఏం గోకాలి? అప్పుడు తట్టింది చింతపండు. బిందెకి కిలుం పడితే చింతపండూ ఉప్పూ వేసి తోమమా? బిందె బంగారంలా రాదా? ఉట్టి మీది పాత చింతపండంతా నానబెట్టి, ఆ మూల పట్టించి, కొబ్బరి పీచుతో రుద్దింది. గచ్చు బుసబుసమని నురగ కక్కింది.

"మావా, సూడు! మురికంతా ఎలాగ తేలిపోతన్నాదో!" అంది చిన్నపిల్లలా.

కూర్మయ్య చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కడిగాక మూల తెల్లగా వచ్చింది. ఆ వారంలోనే మరి మూడుసార్లు రుద్దింది. నెల తిరిగేసరికి గచ్చు ఆవు నాలుకలా గరుకుదేలింది. అప్పటిదాకా పైన నిలబడిన తడి ఇప్పుడు పడగానే లోపలికి ఇంకిపోతోంది. వాసన రెండింతలైంది. ఎక్కడ తప్పు జరిగిందో ఆమెకి అర్థం కాలేదు. తెల్లారేది, తడి కనిపించేది, తోమేది. వేళ్ళ సందులు ఒరిసి నెత్తురొచ్చేది. వంట చేస్తున్నా అదే కంపు, తింటున్నా అదే కంపు. లక్ష్మీనరసమ్మ మాట్లాడేటప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టింది.

గణపతిరావు ఈసారి లోపలికి రాలేదు.

"వచ్చే నెల ఒకటో తారీకున వస్తాను. అప్పటికి ఈ కంపు ఉండకూడదు. గచ్చు పాడుచేస్తే క్వార్టరు ఖాళీ చేయించమని రూల్సులో ఉంది. కుక్క కావాలో, ఇల్లు కావాలో తేల్చుకోండి."

ఆ పూటే ఒక పని జరిగింది. దాన్ని తవిటమ్మ తర్వాత ఎన్నడూ మరచిపోలేకపోయింది. మంచం కింద కొత్తగా తడి కనిపించేసరికి ఒళ్ళు తెలియలేదు. నల్లోడి మెడ పట్టుకుని మూతిని ఆ తడిలో అదిమి, చీపురు తిరగేసి నాలుగు బాదింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. వాడు అరవలేదు. విడిచిపెట్టగానే మంచం కిందికే దూరి ముడుచుకున్నాడు.

"దాన్ని కొట్టకమ్మా" అన్నాడు కూర్మయ్య.

"మరేటి సెయ్యమంటావు మావా? నీ కొడుకు కూడు పోతాది, ఈ గూడు పోతాది. నానేటి సెయ్యాల, సెప్పు!"

ఆయన దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు.

అప్పలసూరి పిన్ని కొడుకు కొండబాబు సాలూరు లారీ మీద డ్రైవరు. ఆ వారంలోనే ఫ్యాక్టరీలో లోడు దింపి వెళ్తూ, "మా షెడ్డు దగ్గిరుంటాదిలే వదినా. వందమంది తిరిగే సోటు, కూటికేటి లోటు" అన్నాడు. అప్పలసూరి సరేనన్నాడు. నల్లోడు లారీ దగ్గర ఆగి తవిటమ్మ మొహంలోకి చూశాడు. "ఎక్కు నాయనా" అంది. ఆమె చెప్పింది కాబట్టి ఎక్కాడు. కొండబాబు సీటు పక్కన బుద్ధిగా కూర్చున్నాడు కూడా.

నేను తవుడు పుచ్చుకోలేదు కదా, తవుడు పుచ్చుకోకపోతే అమ్మినట్టు కాదు కదా, అని ఆమె దారంతా తనలో తాను అనుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే కూర్మయ్యకి పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

మర్నాడు గచ్చు పొడిగా ఉంది. ఆ మర్నాడూ పొడిగానే ఉంది. నల్లోడే తప్పు చేశాడన్నమాట అని తవిటమ్మ గుండె ఒక పక్క కుదుటపడింది, ఒక పక్క చితికిపోయింది. ఆ రెండు రోజులూ కూర్మయ్య నిద్రపోలేదని, మంచం మీద కూర్చునే తెల్లవార్చాడని ఆమెకి తెలియదు. మూడో రాత్రి ముసలి ప్రాణం కునుకు తీసింది.

మూడో పొద్దున్న మంచం కింద తడి.

తవిటమ్మకి ముందు కలిగింది సంతోషం! వచ్చేశాడు! సాలూరు నుంచి పరుగెత్తుకుని వచ్చేశాడు! మంచం కిందికి వంగి చూసింది. వసారాలోకి పరుగెత్తింది. "నల్లోడా! ఒరే నల్లోడా!" అని వీధి చివరిదాకా వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. లోపల కూర్మయ్య మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. పంచె తడిసి ఉంది. ఈసారి దాచుకోలేదు.

"ఆడు కాదమ్మా. నాను."

తవిటమ్మ తడిసిన పంచె కేసి చూసింది.

"దీపావళి కాణ్ణించీ నానే. నిద్దట్లో తెలవడం లేదు. మొదటిరోజు నువ్వు కుక్కన్నావు. ఊరుకున్నాను. ఆ తరవాత సెప్పడానికి నోరు రాలేదు." ముసలాయన నులక కేసి చూపించాడు. "ఈ సందుల్లోంచి ఆడి మీదే పడేది. తడిసిపోయేవోడు. అయినా ఇక్కణ్ణించి కదిలేవోడు కాదమ్మా."

జాలి కలగలేదు తవిటమ్మకి. అబద్ధం ఎందుకు, ముందు కోపమే వచ్చింది.

"నోరు లేనోడి సేత దెబ్బలు తినిపించినావా మావా! వాడి మూతి నానే రాసీసినాను గదా ఇక్కడ! సూస్తా ఊరుకున్నావా? ఊళ్ళోవాళ్ళకి తీర్పులు సెప్పినావే, ఇదేటి తీరుపు?"

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "సూరిగాడికి సెప్పకమ్మా" అన్నాడు. "నన్ను ఊరికి పంపీస్తాడని కాదు. ఆడి ముందర తలెత్తలేను."

ఆమె చెంగు బిగించి, పొయ్యి వెలిగించకుండా, విజయనగరం వెళ్ళే బస్సెక్కింది. అక్కణ్ణించి సాలూరు. లారీల మధ్య, టైర్ల కుప్పల మధ్య వెతుక్కుంటూ వెళ్తే, కొండబాబు ఆమెని చూసి మొహం చాటేశాడు.

"నేదు వదినా. ఆ రోజే రామభద్రపురం కాడ టీకి ఆపినప్పుడు దూకీసినాది. మీకెలాగ సెప్పాలో తెల్లేదు."

రామభద్రపురంలో టీకొట్టు మనిషి, నల్లకుక్క ఒకటి గజపతినగరం రోడ్డున పోవడం చూశానన్నాడు. అంటే ఇంటి వైపే. తవిటమ్మ ఆ రోడ్డున పిలుచుకుంటూ నడిచింది. కల్వర్టుల కింద చూసింది, చెరుకుతోటల గట్లు ఎక్కి చూసింది, ఎదురొచ్చిన ప్రతి బండినీ ఆపి అడిగింది. పొద్దు వాలేదాకా నడిచి, గొంతు పోయాక, చెయ్యెత్తి బస్సాపి ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి కూర్మయ్య మంచం మీద లేడు. గచ్చు మీద బోర్లా వంగి, కొబ్బరి పీచు పట్టుకుని, ఆ మూల రుద్దుతున్నాడు. మోకాళ్ళు ఆనడం లేదు, చెయ్యి తిన్నగా తిరగడం లేదు. జీవితంలో ఎప్పుడూ నేల తుడవని మనిషి. తవిటమ్మ కోపం అక్కడితో అయిపోయింది. భుజాలు పట్టుకుని లేవదీసి, "నాను సేస్తాను మావా, లే" అంది.

ఒకటో తారీకుకి ఇంకా ఇరవై రెండు రోజులుంది. కొత్త వరస క్వార్టర్లకి గచ్చులు వేస్తున్న లక్ష్ముడు మేస్త్రి దగ్గరికి వెళ్ళి, చింతపండు సంగతితో సహా అంతా చెప్పి, మామ సంగతి మాత్రం దాచింది. లక్ష్ముడు వచ్చి మూలని గోటితో గీకి చూసి తల పట్టుకున్నాడు.

"అప్పా, సిమెంటుకి పైన నున్నటి తోలుంతాది. మేం తాపీతో సాది సాది తెస్తాం దాన్ని. పులుపు దాన్ని తినీసినాది. తోలు వొలిసీసి, నీళ్ళోసి, ఎందుకు తాగీస్తన్నాదంటే ఏటి సెప్పను?"

"మళ్ళీ తోలు రాదేటి బాబూ?"

"తెచ్చుకోవాల."

ఎలాగో చెప్పాడు. చాకలి సోడా వేణ్ణీళ్ళలో కలిపి నాలుగుసార్లు కడగాలి. పట్టుకున్నదంతా వదిలాక, సిమెంటుని పాలలా పలచగా కలిపి పూతలా పుయ్యాలి. మూడు రోజులు తడి గోనె కప్పి ఉంచాలి, తర్వాత వారం ఎండనివ్వాలి. ఎండాక మైనం కరిగించి, పొయ్యి మీంచి దింపి, కిరసనాయిలు కలిపి, గుడ్డతో రుద్ది రుద్ది పట్టించాలి. "మైనం తాగిన గచ్చు ఇంకేటీ తాగదు" అన్నాడు.

కూర్మయ్య మంచం వసారాలోకి మారింది. గాలికోసమని అప్పలసూరికి చెప్పింది. నాలుగు రోజులు కడిగింది. అయిదో రోజు సిమెంటు పాలు గిన్నెలో పెట్టుకుని, పాత గుడ్డ ముంచి, గచ్చు మీద కూర్చుంది. కుడి చెయ్యి వంపుగా తిరిగింది. వెనక్కి జరిగింది. మళ్ళీ వంపు. రెండేళ్ళుగా పని లేక పడివున్న చెయ్యి, ఏదీ మరిచిపోలేదు. చూస్తున్న లక్ష్ముడు నోరు తెరుచుకుని, "నా కూలీల్లో నీ సెయ్యి ఒక్కడికీ లేదప్పా" అన్నాడు. ఆమె ఏడుస్తోందని అతను గమనించలేదు. నల్లోడి కోసం నేర్చుకోవాల్సిన విద్య నల్లోడు పోయాక నేర్చుకుంటున్నానని ఏడుస్తోంది.

మైనం పట్టించిన రోజు చెంబుడు నీళ్ళు పోసి చూసింది. చేమాకు మీద పడ్డట్టు బొట్లు బొట్లుగా దొర్లాయి. గుడ్డతో అద్దితే జాడ లేదు, వాసన లేదు. మంచం మళ్ళీ మూలకి చేరింది. నులక కింద వెడల్పాటి మూకుడు పెట్టింది. అది తప్పి పడ్డదాన్ని తెల్లవారకముందే తుడిచేసేది. ముసలాయన పంచె ఇప్పుడు ఆమే ఉతికేది.

అయితే ఊరుకునే జనమా?

"కుక్క పోనాది గదా ఒదినా, ఇంకా రోజూ సీకటితోనే కడుగుతన్నావేటి?" అంది లక్ష్మీనరసమ్మ గోడ మీంచి.

లోపల మంచం పట్టె కిర్రుమంది. తవిటమ్మకి అది వినపడింది.

"ఏటి సెప్పను ఒదినా, తిరిగొచ్చీసినాడు" అంది. "సీకటి పడ్డాక వస్తాడు, తెల్లారకుండా పోతాడు. దెబ్బలు తిన్నాడు గదా, మనుసుల్ని నమ్మడం లేదు."

చెప్పాక నిలబెట్టుకోవాలి కదా. ఆ సాయంత్రం నుంచి వసారా మెట్టు మీద సత్తు గిన్నెలో గంజి పెట్టేది. అప్పలసూరి డ్యూటీకి వెళ్తూ గిన్నె కేసి చూశాడు. తండ్రి మంచం కేసి చూశాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఒకటో తారీకున గణపతిరావు వచ్చాడు. ముక్కుకి రుమాలు పెట్టుకుని గుమ్మం దాటి, రెండడుగులు వేసి, రుమాలు తీశాడు. మూలకి వెళ్ళి వంగి చూశాడు. అరచెయ్యి వేసి రాశాడు.

"కుక్కని పంపేశారన్నారు. మళ్ళీ వచ్చిందంటున్నారు. ఏదీ?"

"తిరగడానికెల్లినాడు బాబూ."

"కుక్క ఉండగానే గచ్చు ఇలా ఉందా?"

కూర్మయ్య మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. తవిటమ్మ ఆయనకి అడ్డంగా జరిగి నిలబడింది.

"ఉండగానే బాబూ."

గణపతిరావు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆయన మొహంలో మొదటిసారిగా మెప్పు కనిపించింది. "ఇలా ఉంచుకుంటే నాకేం అభ్యంతరం లేదమ్మా. కుక్కని ఉంచుకోండి" అని వెళ్ళిపోయాడు.

తవిటమ్మ తలుపు దగ్గరగా వేసి, ఆ నున్నటి గచ్చు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూర్మయ్య మంచం దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదార్చడం ఆయనకి చేతకాలేదు.

ఆ సాయంత్రం కూడా గంజి పెట్టి, వీధి వరసంతా వినపడేలా, "నల్లోడా! రారా నల్లోడా!" అని పిలిచింది. రోజూ పిలిచేది. పిలుపు లక్ష్మీనరసమ్మ కోసం, అప్పలసూరి కోసం, వినేవాళ్ళందరి కోసం. పిలిచాక మాత్రం గజపతినగరం రోడ్డు ఎటు ఉందో అటు తిరిగి, గిన్నె దగ్గరే చాలాసేపు నిలబడేది.